నలుగురికి సరిపోయే ఇల్లు

నా భార్య చెడ్డ నక్షత్రంలో చచ్చిపోయిందని చెప్పి నా కోడలు నాకు ఇల్లు లేకుండా చేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. నక్షత్రం పేరు ధనిష్ఠ. కోడలి పేరు కీర్తిక.

రామలక్ష్మి బిషాన్‌లో మా అద్దె కాండో ఫ్లాట్ హాల్లో, సోఫా మీద, బెండకాయలు తరుగుతూ పోయింది. జనవరి నెల. ఇక్కడి వానలు ఇంకా తగ్గలేదు. నేను బాల్కనీలో బట్టలు తీస్తున్నాను.

"ఈ కత్తికి పదును లేదు" అంది.

"రేపు పెడతాలే" అన్నాను.

బట్టలతో లోపలికి వచ్చేసరికి తల ఒక పక్కకు వాలి ఉంది. ఒళ్ళో పళ్ళెం కదలలేదు. అంబులెన్సు వాళ్ళు వచ్చి చేయాల్సింది చేసి చేతి తొడుగులు తీసేశారు.

కర్మలు అయిన మర్నాడు సముద్రం అవతల కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. కీర్తిక తండ్రి జగన్మోహనరావు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కీర్తిక ఫోన్ స్పీకర్లో పెట్టి నా ముందు ఉంచింది.

"బావగారూ, చెప్పడానికి నోరు రావట్లేదండి. అక్కయ్యగారు పోయిన వేళకి ధనిష్ఠ మూడో పాదం నడుస్తోందట. మా సిద్ధాంతిగారు రెండుసార్లు చూశారు. ఆర్నెల్లు ఇల్లు విడవాలండి."

"విడిచి ఎక్కడికి పోవాలి?"

"ఎక్కడికో అక్కడికండి. దీపం పెట్టి తాళం వేసేసి బయటికి వచ్చేయాలి. ఆర్నెల్లయ్యాక శాంతి చేయించుకుని మళ్ళీ అదే ఇంట్లోకి వెళ్ళొచ్చు. మా పెద్దనాన్నగారు పోయినప్పుడు మేమంతా వీధి చివర మేనమామగారింట్లో ఉన్నాం."

"ఇక్కడ మాకు వీధి చివర మేనమామ లేడు."

"అయ్యో, తెలుసండి. కానీ అశ్రద్ధ చేస్తే ఆ ఇంట్లోనే ఇంకో..."

మాట అక్కడ ఆపాడు. ఆపిన చోట నుంచి కీర్తిక విన్నది.

నేను పుట్టింది సరిహద్దు అవతల పేరాక్‌లో కొబ్బరి తోటలో. తోట బడిలోనే తెలుగు చదువుకున్నాను. ఆ తోట కూలీల లైను ఇళ్ళలో మనుషులు అన్ని నక్షత్రాల్లోనూ చచ్చిపోయేవాళ్ళు. ఇల్లు కంపెనీది. పనికి పోకపోతే ఇల్లు ఉండదు. మా నాయన పోయిన వారానికే మా అమ్మ కాయలు ఒలవడానికి వెళ్ళింది. మాలో ఎవరూ ఇల్లు విడవలేదు. మాలో ఎవరూ దానివల్ల చావలేదు. ఈ మాట సురేన్‌తో అన్నాను. సురేన్ నా ఒక్కగానొక్క కొడుకు.

"నాకు తెలుసు నాన్నా. నువ్వు చెప్పేది కరెక్టే. కానీ తనకి భయం. నిద్రపోతున్న పిల్లల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది."

"అయితే మీరు వెళ్ళండి. నేను ఇక్కడే ఉంటాను."

"రెండిళ్ళకి అద్దె ఎలా కట్టను నాన్నా? ఒక్కదానికే టైట్ లా." ఈ ఊళ్ళో ఏ మాట చివరైనా ఆ 'లా' తగులుతుంది.

గుడికి వెళ్ళి పూజారిని అడిగాను. ఈ ఊరి ఇళ్ళ సంగతి ఆయనకు తెలుసు.

"ఇల్లంతా విడవక్కర్లేదండి. ఫ్లాట్లలో ఎవరు విడవగలరు? ప్రాణం పోయిన గది ఒకటి మూసి, దీపం పెట్టి, శాంతి చేయిస్తే చాలు. అమ్మగారు ఏ గదిలో పోయారు?"

"హాల్లో."

హాలు మూస్తే ఇంట్లోకి దారి లేదు. వంటింటికి లేదు, గదులకు లేదు. రామలక్ష్మిని గదిలో కూర్చుని పని చేసుకోమని ఎన్నోసార్లు చెప్పాను. హాల్లో గాలి వస్తుందనేది.

"హాలుకి తాళం వేయడం కుదరదు కదండీ" అన్నాడు పూజారి.

"కుదరదు" అన్నాను.

ఇంటి ఓనరు మేడమ్ లిమ్ నాకంటే పెద్దది. అయినా నన్ను అంకుల్ అనే అనేది. ఆ ఏడాది ఊరంతా అద్దెలు మండిపోతున్నాయి. మా అంతస్తులోనే పక్క ఇంటివాళ్ళు మేమిచ్చేదానికి దాదాపు రెట్టింపు ఇస్తున్నారు. మేడమ్ లిమ్ మాకు పెంచలేదు. రామలక్ష్మి చేపల పులుసు పెట్టినప్పుడల్లా ఒక డబ్బా ఆమెకు వెళ్ళేది. పెంచకపోవడానికి వేరే కారణం నాకు కనబడదు.

సురేన్ ఆమెను పిలిచి నక్షత్రం సంగతి చెప్పాడు. దాచిపెట్టకుండా చెప్పినందుకు వాడిని మెచ్చుకోవాలి. ఆమె ఆశ్చర్యపోలేదు.

"చైనీస్ ఆల్సో హావ్ లా, దిస్ కైండ్" అంది. తన ఖర్చుతో తానే బౌద్ధ మాంక్‌ని పిలిచి ప్రార్థన చేయిస్తానంది. మంచి మనిషి పోయిన ఇల్లు చెడ్డది కాదంది. సోఫా మీద, రామలక్ష్మి కూర్చునే చోటే కూర్చుని ఈ మాట అంది.

"సారీ ఆంటీ" అంది కీర్తిక. కళ్ళ నిండా నీళ్ళు. అవి దొంగ నీళ్ళు కావు. దానివల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు.

మేడమ్ లిమ్ నా మాటేమిటన్నట్టు నా వైపు తిరిగింది. "అంకుల్, యూ హౌ?"

నేను సురేన్ వంక చూశాను. అగ్రిమెంటు మీద పేరు వాడిది. వాడు నేల వంక చూశాడు.

అగ్రిమెంటు గడువు ఇంకా చాలా ఉన్నా ఆమె పట్టు పట్టలేదు. మార్చి చివరిదాకా చూసుకోండి అని లేచింది. ఆ రోజు మా ఇంట్లో ఆమె టీ తాగలేదు.

అక్కడి నుంచి ప్రతి శని, ఆదివారాలు ఇళ్ళు చూడటమే పని. పిల్లలిద్దరూ, వాళ్ళిద్దరూ, వెనక నేను. బిషాన్ దాటి పోవడానికి లేదు. పిల్లల బడి అక్కడ. ఈతకొలనూ గేటూ ఉండే కాండో కాకుండా వేరేది కుదరదు. అది ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

"టోవా పాయోలో గవర్నమెంటు ఫ్లాట్లు చూడరా. నాతో పనిచేసిన రామన్న అక్కడే ఉన్నాడు. పాత ఫ్లాట్లు, గదులు పెద్దవి" అన్నాను.

"అక్కడా పెద్దగా తక్కువేం లేదు నాన్నా."

"చూశావా?"

"ఆన్‌లైన్‌లో చూశాను."

"మావయ్యగారూ, చిన్నది ఇప్పుడిప్పుడే పూల్‌లో తల ముంచుతోందండి" అంది కీర్తిక. నేను తువాస్ షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు చేశాను. లారీ వెనక కూర్చుని వెళ్ళి, లారీ వెనక కూర్చుని వచ్చాను. ఈతకొలను లేకపోతే మనిషి బతకలేడని నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి ఇంటి దగ్గర ఏజెంటు కుర్రవాడు మా ఐదుగురినీ చూసి, బూట్లు విప్పకముందే అన్నాడు. "ఓనర్ ప్రిఫర్స్ లైట్ కుకింగ్ లా."

"లైట్ అంటే?" అంది కీర్తిక.

"బాయిల్ ఎగ్, కెన్. మ్యాగీ, కెన్."

"వీ ఆల్సో బాయిల్ ఎగ్స్" అని సురేన్ నవ్వాడు. ఏజెంటు నవ్వలేదు.

లిఫ్టులో దిగుతుంటే కీర్తిక, "మరి ఉడకబెట్టాక పోపు వెయ్యొద్దా?" అంది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. ఆ మూడు నెలల్లో మేము కలిసి నవ్వింది అదొక్కసారే.

ప్రతి ఇంట్లోనూ కాకినాడ జగన్మోహనరావు ఫోన్లో ఉండేవాడు. కీర్తిక గడప దగ్గర నిలబడి దిక్కులు చూపించేది. మొదట దక్షిణం గుమ్మం పనికిరాదన్నాడు. కొన్నాళ్ళకు దక్షిణం అయినా ఫర్వాలేదు, ఈశాన్యంలో బాత్రూమ్ మాత్రం ఉండకూడదన్నాడు. ఆ తర్వాత ఉంటే ఉందిలే అన్నాడు. చివరికి ఏదో ఒక ఇల్లు దొరికితే చాలమ్మా అన్నాడు. నక్షత్రం దగ్గర మాత్రం తగ్గలేదు.

తగ్గకుండానే మేము విడవాల్సిన ఆ ఇంట్లోనే ఫిబ్రవరి గడిచింది, మార్చి సగం గడిచింది. ఎవరికీ జలుబు కూడా చేయలేదు. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను.

"అలా అనకండి మావయ్యగారూ" అని కీర్తిక లెంపలు వేసుకుంది.

ఒక ఇల్లు నాకు గుర్తుంది. రెండు గదులు. వంటింటి వెనక ఒక స్టోరు ఉంది. యుద్ధం వస్తే దాక్కోవడానికని కడతారు. కిటికీ ఉండదు, ఇనప తలుపు. మేము మూడు గదులకు తూగలేమని అప్పటికి అందరికీ అర్థమైంది, కానీ ఎవరూ నోరు విప్పలేదు. ఏజెంటు అమ్మాయి ఆ స్టోరు తలుపు తెరిచి, "హెల్పర్ కెన్ స్లీప్. అంకుల్ ఆల్సో కెన్" అంది. హెల్పర్ అంటే ఇంట్లోనే ఉండే పనిమనిషి.

నేను లోపలికి వెళ్ళి నిలబడ్డాను. చేతులు చాపితే రెండు గోడలూ తగిలాయి. మంచం పట్టదు, పరుపు పడుతుంది. తల వైపు రామలక్ష్మి ఫోటో పెట్టుకోవచ్చు.

"సరిపోతుంది" అన్నాను.

"ఛ, ఛ! మిమ్మల్ని ఇందులోనా?" అంది కీర్తిక. "నాన్నా, బయటికి రా" అన్నాడు సురేన్.

"షిప్‌యార్డులో ఓడ ట్యాంకు లోపల ఇంతకంటే ఇరుకు. సరిపోతుందని చెప్తున్నాను కదా."

సురేన్ ఏజెంటుతో రేటు మాట్లాడుతుండగానే తలుపు దగ్గర ఇంకో కుటుంబం బూట్లు విప్పుతోంది. వాళ్ళు ఇల్లంతా చూడను కూడా లేదు. మాకంటే ఎక్కువ ఇస్తామన్నారు. మేము బూట్లు తొడుక్కున్నాం.

మార్చి చివరికి వచ్చింది. నేను ఎవరికీ చెప్పకుండా మేడమ్ లిమ్‌కు ఫోన్ చేశాను. అడగడం నాకు అలవాటు లేదు. అయినా అడిగాను. మేము వెళ్ళకపోతే ఏమవుతుందని అడిగాను.

"అయ్యో అంకుల్" అంది. అయ్యో అనడం రామలక్ష్మి దగ్గర నేర్చుకుంది. "ఐ ఆల్రెడీ గివ్ మై వర్డ్." ఎవరో కొరియా వాళ్ళట. మా సురేన్ ఫోన్ చేస్తాడేమో అని రెండు వారాలు ఎదురు చూశానంది. వాడు చేయలేదు. తర్వాతే మాట ఇచ్చిందట. ఆమె చేసింది తప్పు కాదు.

ఆ ఆదివారం చూసిన ఇల్లు బడికి దగ్గర. రెండు గదులు, చిన్న హాలు. స్టోరు లేదు. బాల్కనీ నుంచి ఈతకొలను కనబడుతుంది. అద్దె మా చేతికి అందేలా ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పాను. కొత్త ఇల్లు చూసినప్పుడు రామలక్ష్మి ముందు చేసే పని అదే.

ఎంతమంది ఉంటారని హాల్లో ఏజెంటు సురేన్‌ను అడిగాడు. "హౌ మెనీ పాక్స్?"

"ఫోర్" అన్నాడు సురేన్.

పెద్ద మనవరాలు పునీత, "హా?" అంది. కీర్తిక దాని భుజం మీద చెయ్యి వేసింది.

ఏజెంటు వంటింటి వైపు చూశాడు. "అంకుల్?"

"నో లా. మై ఫాదర్ జస్ట్ ఫాలో." నేను ఊరికే వెంట వచ్చానట.

నీళ్ళు బాగా వస్తున్నాయి. చేయి కింద పెట్టి కాసేపు ఉంచాను. తర్వాత కుళాయి కట్టేసి హాల్లోకి వచ్చాను.

"నీళ్ళు బాగా వస్తున్నాయి" అన్నాను.

కీర్తిక పిల్లలను తీసుకుని ముందు వెళ్ళిపోయింది. సురేన్ నన్ను పక్కనే ఉన్న హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళి, తిండి కొట్ల మధ్య కూర్చోబెట్టి కోపీ తెచ్చి పెట్టాడు. కాఫీని ఇక్కడ అలాగే అంటారు. నా కోపీలో పంచదార వద్దని వాడికి తెలుసు. అది మాత్రం మర్చిపోలేదు.

"నాన్నా, అది ఏజెంటుకి చెప్పడానికి. ఓనరు నలుగురికంటే ఎక్కువైతే ఇవ్వనంటున్నాడట. కొన్నాళ్ళే. ఆర్నెల్లయ్యాక పెద్దది చూద్దాం."

"నా పరుపు ఎక్కడ వేస్తావు?"

వాడు చెంచాతో కోపీ తిప్పాడు. వాడి కోపీలో కూడా పంచదార లేదు. తిప్పడానికి ఏమీ లేదు.

"రామన్న అంకుల్‌తో మాట్లాడాను. వాళ్ళింట్లో ఒక గది ఖాళీగా ఉందట."

"ఎప్పుడు మాట్లాడావు?"

పక్క టేబుల్ మీద ఎవరో చోటు పట్టుకోవడానికి టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళారు. దానినే చూస్తూ చెప్పాడు.

"లాస్ట్ వీక్."

అంటే ఈ ఇల్లు చూడకముందు. ఏజెంటు అడగకముందు. నేను కోపీ తాగేశాను. కప్పు తీసుకెళ్ళి ట్రేలు పెట్టే చోట పెట్టి వచ్చాను.

సామాన్లు కట్టేటప్పుడు కీర్తిక రామలక్ష్మి ఫోటోను తన పట్టుచీరలో చుట్టి నాకు ఇచ్చింది.

"ఆర్నెల్లు దాటేదాకా అత్తయ్యగారిని మీ దగ్గర ఉంచుకోండి మావయ్యగారూ. కొత్త ఇంట్లోకి ఇప్పుడే వద్దన్నారు నాన్నగారు."

"మంచిది" అన్నాను. చీర విప్పి తిరిగి ఇచ్చేశాను. ఫోటోను నా తువ్వాలులో చుట్టుకున్నాను. ఆ బెండకాయలు తరిగిన కత్తి కూడా తెచ్చుకున్నాను. దానికి పదును పెట్టలేదు.

రామన్న నాతో పాటు తువాస్‌లో పనిచేసినవాడు. తలుపు తీసి గట్టిగా అరిచాడు. "రా రా వెంకటస్వామీ! కంటైనర్లో పన్నెండు మంది పడుకున్నాం, ఇక్కడ నీకు ఒక్కడికే గది. రాజావి పో!"

"ఊరుకోండి" అంది వాడి భార్య సరోజిని. "రా అన్నా. కాళ్ళు కడుక్కో. మాకాన్ పెట్టేస్తాను, అన్నం తిందువుగాని."

వాళ్ళు మంచివాళ్ళు. నేను ఏ అన్నానికీ వంక పెట్టలేదు. కానీ సరోజిని పులుసులో బెల్లం వేస్తుంది.

ఏప్రిల్లో కొత్త ఇంట్లో పాలు పొంగించారు. నన్ను పిలిచారు. ముందు రోజే సురేన్ ఫోన్ చేసి, మొదట పెద్దవాళ్ళు ఉండాలి నాన్నా, నువ్వు తప్పకుండా రావాలి అన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గర గార్డు తమిళ కుర్రాడు. మా పేరాక్ వైపు నుంచే వచ్చి పని చేస్తున్నాడు. మాట వింటే తెలిసింది.

"పెరియప్పా, రెసిడెంటా, విసిటరా?"

వెనక ఒక కారు ఆగి ఉంది. వాడు నా జవాబు కోసం చూస్తున్నాడు.

"విసిటర్" అన్నాను.

పైన పాలు పొంగాయి. పొంగగానే కీర్తిక గుడ్డతో తుడిచేసింది. ఇదీ లైట్ కుకింగ్ ఇల్లే కదా. గాజు పొయ్యి మీద మరక పడకూడదు. అందరూ నా కాళ్ళకు దండం పెట్టారు. నేను అందరినీ దీవించాను. పరమాన్నం తిన్నాను. పునీత తమ గది చూపించింది. రెండు మంచాలు ఒకదాని మీద ఒకటి.

"తాతా, యూ స్లీప్ వేర్?"

"టోవా పాయో" అన్నాను.

"సో ఫార్."

"రెండు స్టేషన్లే."

వచ్చేటప్పుడు డబ్బాలో పరమాన్నం కట్టి ఇచ్చింది కీర్తిక. రామన్న తిన్నాడు.

అప్పుడప్పుడూ సాయంత్రం నడక పేరు చెప్పి బిషాన్ దాకా వెళ్ళి పాత కాండో బయట రోడ్డు మీద నిలబడేవాడిని. మా బాల్కనీలో ఒక చిన్న సైకిలు ఉంది. హాల్లో లైటు వెలుగుతుంటే ఎవరో అటూ ఇటూ నడవడం కనబడేది. కొరియావాళ్ళు బాగానే ఉన్నారు. వాళ్ళకు కూడా ఏమీ కాలేదు.

జులైలో కీర్తిక ఫోన్ చేసింది. గొంతు తేలికగా ఉంది. ఆ భయం పోయిందని విన్న వెంటనే తెలిసింది.

"మావయ్యగారూ, ఈ వారంతో ఆర్నెల్లు దాటుతాయండి. నాన్నగారు శాంతికి ముహూర్తం పెట్టించారు. ఇక అత్తయ్యగారి ఫోటో తీసుకుని వచ్చేయండి."

"ఏ ఇంటికి?"

"మన ఇంటికేనండి."

"వదిలిన ఇంటికే మళ్ళీ వెళ్ళొచ్చన్నాడు కదా మీ నాన్న."

ఫోన్లో అటు వైపు పిల్లలు ఎక్కడో నీళ్ళలో అరుస్తున్నారు.

"మావయ్యగారూ" అంది చివరికి.

"అన్నం వడ్డించారు. పెట్టేస్తున్నాను" అన్నాను. ఎవరూ వడ్డించలేదు.

ఆ సాయంత్రం సురేన్ వచ్చాడు. ఆఫీసు బట్టల్లోనే ఉన్నాడు. రామన్న, సరోజిని మార్కెట్ పేరు చెప్పి బయటికి వెళ్ళారు. వాడు నా గదిలో మంచం అంచున కూర్చున్నాడు. గోడ మీద వాళ్ళ అమ్మ ఫోటో ఉంది. దాని కింద చిన్న దీపం ఉంది. ఈ ఇంట్లో మేకు కొట్టుకోవచ్చు. వాడు ఫోటో వంక చూడలేదు.

"నాన్నా. ఆ రోజు ఏజెంటు అడిగినప్పుడు నేను..."

"నీళ్ళు బాగా వస్తున్నాయా?" అన్నాను.

"ఏంటి?"

"ఆ ఇంట్లో. కుళాయి."

వాడు నా ముఖంలోకి చూశాడు. చిన్నప్పుడు దెబ్బ పడుతుందో లేదో తెలియనప్పుడు అలా చూసేవాడు.

"వస్తున్నాయి నాన్నా."

"అయితే సరే. బయలుదేరు. పిల్లలు చూస్తుంటారు."

కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. లిఫ్టు దాకా వెళ్ళలేదు నేను.

రాయాల్సింది రాశాను. ఇక దీని గురించి మాట్లాడను. సురేన్ మళ్ళీ వచ్చి అడిగినా మాట్లాడను. రామలక్ష్మి వచ్చి ఆ సోఫా మీద కూర్చుని అడిగినా మాట్లాడను.